చరవాణులు మారిన కాలాన తెలుగు అక్షరం

మా సెంటినరీ కాలనీ పేరులోనే ఒక సంవత్సరం దాగి ఉన్నది. 1889లో ఇల్లెందు ప్రాంతాన బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన సింగరేణికి 1989లో నూరేళ్లు నిండాయి. కాలనీ పేరు ఆ శతాబ్దిదే. పక్కనున్న రామగిరి ఖిల్లాకు చరిత్రకారులు కొదవలేదు. నేను రాయబోయేది అంతకంటే చిన్న చరిత్ర. ఇక్కడి ఇళ్లు ఒక చరవాణి వ్యవస్థను వదిలి ఇంకొకదానికి మారినప్పుడల్లా తెలుగు రాతకు ఏమయ్యింది అన్నది.

చరవాణి కబుర్లకు చరిత్ర ఏమిటని నవ్వకండి. భూగర్భ గనిలోకి మామూలు ఫోను తీసుకుపోరాదు. మీథేన్ ఉన్న చోట చిన్న నిప్పురవ్వ చాలు. మస్టరు పడి, ల్యాంపు తగిలించుకొని బాయి దిగిన మనిషికి ఇంటి నుంచి ఎన్నిసార్లు ఫోను చేసినా పైన అది మోగుతూ ఉండవలసిందే. షిఫ్టు ముగిసేదాకా ఆగగలిగినది రాత ఒక్కటే. కాబట్టి ఆ రాత చదవడానికి వీలుగా ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ఊసుపోక ప్రశ్న కాదు.

మొదట ఎస్సెమ్మెస్సుల కాలం. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఒక సందేశంలో 160 పట్టేవి. యూనికోడ్ తెలుగులో రాస్తే 70 మాత్రమే. పైగా మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యంత్రానికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఇక జనం తెలుగును ఇంగ్లీషు లిపిలో రాయక ఏం చేస్తారు? తెలుగు మాత్రమే చదవనేర్చిన తల్లులకు అది ఎవరో ఒకరు చదివి పెట్టవలసిన ఉత్తరం అయింది.

సింబియన్ ఫోనుల రోజులలో మన బ్లాగరులందరికీ ఒక మంత్రం తెలుసు. ఒపేరా మినీ చిరునామా పెట్టెలో ‘ఒపేరా:కాన్ఫిగ్’ అని కొట్టి, అట్టడుగున సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఖతులు వాడమనే చోట ‘ఎస్’ పెట్టడం. అంతే, డబ్బాలు పోయి తెలుగు ప్రత్యక్షమయ్యేది! నిజానికి ఫోనుకు తెలుగు వచ్చింది లేదు. ఆ నార్వే కంపెనీ సర్వరు మన అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. లేఖినిలో ఒక్కొక్కటిగా కూర్చిన పదాలు ఎక్కడో బొమ్మలై మన చేతికి చేరేవి. వాటిని నకలు తీసుకోవడానికి లేదు, వెతకడానికి లేదు. అయినా ఆ బొమ్మ తెలుగుకు నేను నేటికీ కృతజ్ఞుణ్ణి.

2011 ఫిబ్రవరి 11న నోకియా తన స్మార్ట్‌ఫోనులకు సింబియన్‌ను కాదని విండోస్ ఫోన్‌ను ఎంచుకున్నట్లు ప్రకటించింది. జనం మాత్రం ఎక్కువగా ఆండ్రాయిడ్ వైపు నడిచారు. తొలినాటి ఆండ్రాయిడ్‌లో మళ్లీ డబ్బాలే. కొన్ని కంపెనీలు తమంతట తాము తెలుగును చేర్చాయి గాని ఆ భాగ్యం అన్ని ఫోనులకూ లేదు. సాహసవంతులు ఫోను తాళం విరిచి ఖతిని లోపల పెట్టి చూశారు. ఖతి ఒక్కటీ చాలదు. హల్లునూ పొల్లునూ కలిపి వత్తుగా కూర్చే యంత్రాంగం కూడా కావాలి. అది లేనప్పుడు వత్తులు విడివిడిగా పక్కన నిలబడేవి. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగును చూపే శక్తి, 2014లో 5.0తో పట్టికలు సైతం తెలుగులో కనిపించే సౌకర్యం వచ్చాయి. చవక ఫోనులలో పాత వ్యవస్థే ఉండిపోవడంతో ఆ ఫలం అందరికీ ఒకేసారి అందలేదు.

పేర్ల పుస్తకం సంగతి మరీ విచిత్రం. తెలుగులో రాసుకున్న పేర్లను పాత వీకార్డు 2.1 పద్ధతిలో దించితే ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. అవతలి ఫోను వాటిని విప్పలేకపోతే ‘చిన్నమ్మ’ స్థానంలో సమాన గుర్తులు, అంకెల బారు ఒకటి దర్శనమిస్తుంది.

ఐఫోనుకు తెలుగు మీటల పలక 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచ వార్త అయింది. ఆ అక్షరం నడుమ కంటికి కనిపించని విడదీత సంకేతం ఒకటి చేరితే ఐఓఎస్ 11 కుప్పకూలేది. మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’లో ఆ సంకేతం ఉండదు, దానితో ఏ ప్రమాదమూ లేదు. అయినా పత్రికలు దానికి ‘తెలుగు బగ్’ అని పేరు పెట్టాయి. తప్పు లెక్క తప్పిన యంత్రానిది, నింద అక్షరానిది! ఫిబ్రవరి 19న 11.2.6తో ఆపిల్ దానిని సరిచేసింది.

చివరి వలసలు బలవంతపువి. వాట్సాప్ 2017 జూన్ 30తో నోకియా ఎస్60 ఫోనులకు, 2019 డిసెంబరు 31తో విండోస్ ఫోనులకు సెలవు చెప్పింది. ఒక వ్యవస్థలోని మాటలను మరొకదానికి మోసుకుపోయే దారిని ఆ సంస్థ 2021 వరకూ వేయలేదు. ఆ తరువాత వేసినది కూడా ఐఫోను, ఆండ్రాయిడ్‌ల మధ్యనే. ఈలోగా మారినవారు పాత మాటలను పాత ఫోనులోనే వదిలి రావలసి వచ్చింది. షిఫ్టు దిగగానే తండ్రి పంపిన రెండు ముక్కలు, ఇప్పుడు లేని మనిషి గొంతు అందులో ఉన్నాయని, ఆగిపోయిన ఫోనును బీరువాలో బట్టల మధ్య దాచుకున్న ఇళ్లు మా కాలనీలో ఉన్నాయి. దానికి పట్టే సన్నపిన్ను చార్జరు కోసం గోదావరిఖని అంగళ్లు వెతకాలి.