కొల్లేటి గట్ల మీద డీజిల్ పైపు

మా ఆకివీడు వైపు డీజిల్ అనగానే ముందుగా గుర్తొచ్చేది కారు కాదు, చెరువు గట్టు మీది ఇంజను. 1980లలో కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగేకొద్దీ నీళ్లు తోడే ఇంజన్లూ పెరిగాయి. వాటి దగ్గర పని నేర్చిన చేతులే తర్వాత కార్ల బానెట్లు ఎత్తాయి. 1980 దరిదాపుల్లో అంబాసిడర్‌కు 1489 సీసీ డీజిల్ ఇంజను వచ్చింది. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ అప్పటికే డీజిల్ పంపులూ నాజిళ్లూ దేశమంతటా పరిచయం చేసింది. ట్యాంకు నుంచి ఇంజను దాకా చాలావరకు ఇనుప గొట్టమే. ఇంజను అదిరేచోట మాత్రం గుడ్డ అల్లిక వేసిన రబ్బరు పైపు. మామూలు రబ్బరు డీజిల్‌లో ఉబ్బిపోతుంది కనుక, 1930లలో జర్మనీలో పుట్టిన నైట్రైల్ రబ్బరే ఆ తరానికంతా ఆధారమైంది.

1994లో సుమో, 1998 చివర్లో ఇండికా వచ్చాక డీజిల్ కారు మధ్యతరగతి వాకిట్లో నిలిచింది. రోటరీ పంపు తానే ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే బళ్లతో మన మెకానిక్కులకు కొత్త చిక్కు ఎదురైంది. కింద ఒక్క చుక్క కారదు, వాసన కూడా రాదు. అయినా పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. లాగుడు వైపు పైపు వెంట్రుకవాసి చీలినా డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. రాత్రంతా ఆగిన బండిలో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పంపు ముందు లోపల కనిపించే జానెడు ప్లాస్టిక్ పైపు తాత్కాలికంగా పెట్టి బుడగలు చూసే పద్ధతి నాకెప్పుడూ ముచ్చటే. అయితే అది చూపుకే. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకే గట్టిపడి విరుగుతుంది.

అసలు మలుపు బండిలో కాదు, బంకులో వచ్చింది. 1990ల తొలినాళ్లలో డీజిల్‌లో గంధకం 10,000 పీపీఎం దాకా ఉండేది. దేశమంతటా అది 2017 ఏప్రిల్‌కు 50కి, 2020 ఏప్రిల్‌కు 10కి దిగింది. గంధకం తీసే శుద్ధిలో రబ్బరును ఉబ్బించి ఉంచే ఆరోమాటిక్ పదార్థాలూ తగ్గుతాయి. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో నానిన నైట్రైల్ ముడుచుకుని, నిన్నటిదాకా బిగుతుగా ఉన్న జాయింటు వదులవుతుంది. బయోడీజిల్ కలిస్తే పాత రబ్బరు మెత్తబడుతుంది కూడా. దాన్ని తట్టుకునే వైటాన్ రబ్బరును డూపాంట్ 1957లోనే తెచ్చింది. అది మన పాత కార్ల దాకా రావడానికి తరాలు పట్టింది.

అందుకే పైపు కొనేటప్పుడు కారు ఏ సంవత్సరానిదని కాక, ఈనాడు ట్యాంకులో పోసేదేమిటని చూడాలి. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చుంటే లోపలి పొర వైటాన్ జాతిదే. లోపలి కొలత గొట్టానికి సరిపోవాలి. వదులు పైపును క్లిప్పుతో నొక్కి సరిచేయలేం. పళ్లు కోసిన స్క్రూ క్లిప్పు సన్న రబ్బరును సందుల్లోకి లాగి కోస్తుంది, చుట్టూ సమానంగా పట్టే నున్నని పట్టీ క్లిప్పే మేలు. నాజిళ్ల మీది సన్న రిటర్న్ పైపుకు క్లిప్పే అక్కర్లేదు, గుడ్డ అల్లికే పట్టుకుంటుంది. కొత్త బ్లేడుతో అడ్డంగా తిన్నగా కోసి, గొట్టం చివర తుప్పు గీకి, కాస్త డీజిల్ రాసి, గొట్టం అంచున ఉబ్బెత్తుగా ఉన్న గట్టు దాటేదాకా తొడగాలి. ఆపైన ఫిల్టరు మీది ప్రైమరు (చేతి పంపు) నొక్కుతూ ఉంటే మొదట మెత్తగా ఉన్నది క్రమంగా బిగుసుకుంటుంది. పంపు ముందు తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ పైపులో చివరి బుడగ కూడా కదిలి పోయాక, దాన్ని తీసి అసలు పైపు తొడిగి, లోపల చేరిన గాలి పోయేలా మరోసారి ప్రైమరు నొక్కుతారు.