మూడు దిండ్లు

మా అమ్మ ఎప్పుడూ మూడు దిండ్లు వేసుకుని, సగం కూచునే నిద్రపోయేది. వెల్లకిలా పడుకుంటే చాలు, గొంతులోకి పుల్లటి నీళ్లు, గుండెల్లో మంట. ఆపరేషన్ మాటెత్తితే, "పొట్ట కోయించుకుని ఇంకో మంట తెచ్చుకోనా?" అనేది.

ఇప్పుడా దిండ్లు నాకొచ్చాయి. "చిన్న చిన్న చిల్లులతో అయిపోతుందమ్మా" అన్నారు డాక్టరుగారు. అమ్మ కూతుర్ని కదా, భయం వేసింది. అసలీ వైద్యం ఎలా పుట్టిందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను.

రుడాల్ఫ్ నిస్సెన్ అని ఒక జర్మన్ సర్జను. యూదుడు కావడంతో 1933లో హిట్లర్ రాజ్యం విడిచి ఇస్తాంబుల్ చేరాడు. 1936లో అక్కడ ఒక కుర్రవాడికి పుండుపడిన అన్నవాహిక కింది భాగం తీసేసి, మిగిలినదాన్ని పొట్టకు కలిపి కుట్టాడు. ఆ కుట్లకి కాపలాగా పొట్ట గోడనే చుట్టూ మడిచాడు. ఏళ్ల తర్వాత చూస్తే, ఆ మనిషికి పుల్లతేన్పుల బాధే లేదు!

నిస్సెన్ అది మరిచిపోలేదు. అన్నవాహిక అడుగున తలుపులాంటి కండరం ఒకటుంది. అది వదులైతేనే కదా పులుపు పైకి ఎగదన్నేది! 1955లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో, ఈ మంటతో బాధపడే 49 ఏళ్ల స్త్రీకి, మెడచుట్టూ కొంగు కప్పినట్టు, పొట్ట పైభాగాన్ని అన్నవాహికకి చుట్టి కుట్టాడు. వదులు తలుపుకి గడియ పడింది.

కాని దానికి పొట్ట కోయాల్సిందే. అమ్మ భయమూ అదేగా! 1991లో బెల్జియంలోని లియేజ్‌లో బెర్నార్డ్ డల్లెమాన్ బృందం చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, సన్నటి పనిముట్లు పంపి, తెరమీద చూస్తూ అదే కొంగు చుట్టారు. ఇప్పుడు నోట్లోంచి గొట్టం దింపి చేసే పద్ధతులూ ఉన్నాయి. అయస్కాంతపు పూసల వలయాన్ని తొడిగే పద్ధతికి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అలాగని అందరూ పరిగెత్తనక్కరలేదు. మాత్రలతో సరిపోయేవాళ్లే ఎక్కువ. చుట్టు బిగువైతే మింగడం కష్టం, తేన్పు రాక కడుపుబ్బరం. కొందరికి కొన్నేళ్లకి మళ్లీ మాత్రలు తప్పవు. అడిగితే డాక్టరుగారు ఏదీ దాచలేదు.

అడిగితే! నన్ను పొడిచేది ఆ మాటే. 1991 తర్వాత కూడా అమ్మ పదేళ్లు బతికింది. కోత చిన్నదైందన్న కబురు మా ఇంటికి రాలేదు. వెళ్లి అడిగినవాళ్లమూ లేం. అమ్మకిది మామూలేలే అనుకుని, దిండు గలీబులు మాత్రం శ్రద్ధగా ఉతికిపెట్టాం.

వచ్చేవారం పరీక్షలకి వెళుతున్నాను. ఆపరేషన్ అవసరమో కాదో అప్పుడు తేలుతుంది. మీ ఇంట్లో కూచుని నిద్రపోయేవాళ్లెవరైనా ఉన్నారేమో, ఈ రాత్రి ఒకసారి చూడండి.