మూత్రపిండ మార్పిడి – ఊపిరితిత్తులకు పొంచి ఉండే ముప్పు

మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు వాడతారు. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అందువలన ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయని సూక్ష్మజీవులు సైతం ఊపిరితిత్తులను ఆక్రమిస్తాయి.

శస్త్రచికిత్స జరిగిన 1 నుండి 6 నెలల మధ్య ఈ ముప్పు అధికం. న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం న్యుమోనియా కలిగిస్తుంది. చాలామంది శరీరంలో నిద్రాణంగా ఉండే సైటోమెగలో వైరస్ అదను చూసి మేల్కొని, మిగిలిన నిరోధక శక్తినీ కుంగదీస్తుంది. ఒక్కొక్కసారి రెండూ కలిసి సోకుతాయి. కనుక ఒకటి బయటపడినా వైద్యులు రెండవదానికొరకు, క్షయ కొరకు కూడా పరీక్షిస్తారు.

నివారణకు కోట్రైమోక్సజోల్, అవసరమైనవారికి వాల్‌గాన్సిక్లోవిర్ కొన్ని నెలలు ఇస్తారు. ఒంట్లో బాగున్నదని వాటిని సొంతంగా మానరాదు.

జ్వరం స్వల్పంగానే ఉండవచ్చు. పొడిదగ్గు, నడిస్తే ఆయాసం తోడైతే ఆనాడే మార్పిడి చేసిన ఆసుపత్రికి తెలియజేయాలి. దుకాణంలో అడిగి మందులు కొనరాదు. క్లారిత్రోమైసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. మొదటిది మూత్రపిండానికి హాని, రెండవది తిరస్కరణకు దారి. ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలో ఉన్నవారు స్థానిక వైద్యునికి మందుల చీటీ తప్పక చూపాలి.