అనిర్వేదము – ఆనకట్ట

కాలం పరివర్తనశీలం. మార్పు మీదపడినప్పుడు పదిమందిని నడిపించవలసినవానికి ఉండవలసిన గుణాన్ని సుందరకాండ ‘అనిర్వేదం’ అన్నది. లంక అంతా వెదకినా సీతమ్మ కానరాక, హనుమ ఒక దశలో ప్రాణత్యాగం వరకు ఆలోచించాడు. పిమ్మట తాను వెదకని చోటు ఇంకా ఏదైనా మిగిలినదా అని చూడగా అశోకవనం కనబడింది. కనుక అనిర్వేదమంటే దుఃఖం లేనట్లు నటించడం కాదు. పోయినదానిపై నిలిచిన దృష్టిని చేయవలసినదానివైపు మరల్చడం.

ఆంజనేయస్వామి పేర వెలసిన మా హనుమాన్ జంక్షన్‌కు ఒక వైపు నూజివీడు మామిడితోటల మెరక, మరొక వైపు కాలువనీటి వరిమాగాణి. ఆ మాగాణి చరిత్రయే ఈ గుణానికి నిదర్శనం.

1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు ప్రాంతాన్ని ఘోరక్షామం కబళించింది. కృష్ణా గోదావరులు ప్రవహించే దేశంలోనే అన్నం లేక జనం వలసపోయారు, అసంఖ్యాకులు మరణించారు. గోదావరీ తీరమూ తుపానులతో, కరువులతో క్షీణించింది. ఆ క్షీణదశలో ఆర్థర్ కాటన్ ఆ నదిని పరిశీలించి, సముద్రం పాలవుతున్న జలాన్ని ఆనకట్టతో నిలిపి పొలాలకు మళ్లించవచ్చునని 1844-45లో నివేదించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆరంభమైన ఆ పని 1852లో పూర్తయింది.

ఇందులో గమనింపదగిన విశేషం ఒకటున్నది. లోతు తెలియని ఇసుకపై పునాది నిలిపే విద్యను కాటన్ కావేరిపై కరికాల చోళుని పేర ప్రసిద్ధమైన కల్లణై ఆనకట్ట నుండి గ్రహించాడు. అది ఈ దేశపు పూర్వశిల్పుల ప్రసాదమని ఆయనే అంగీకరించాడు. నూతనకార్యానికి ప్రాచీనజ్ఞానమే ఆధారమైనది. కార్మికులను కూడగట్టి పని సాగించడంలో వీణం వీరన్న చేదోడైనాడు. మధ్యలో కాటన్ అనారోగ్యంతో దూరమైనప్పుడు కెప్టెన్ ఓర్ భారం వహించాడు. నాయకుడు లేకున్నా ఆగని కార్యమే సత్కార్యం.

కుంఫిణీవారికి శిస్తుపై ఆశ ఉన్నమాట నిజమే. అయినను పరదేశీయుడైన ఆ ఇంజనీరును గౌతమీతీరపు విప్రులు భగీరథునితో పోల్చి సంకల్పవేళ స్మరించడం కద్దు. ఫలం అనుభవించినవారి కృతజ్ఞత అది.

1852-55 మధ్య విజయవాడలో కృష్ణకు ఆనకట్ట కట్టారు. ఏలూరు కాలువ మా ప్రాంతానికి ప్రాణమైనది. ఏలూరులో గోదావరి కాలువతో కలిసి పడవలకు మార్గమైనది. శతాబ్దం గడవకముందే, 1952లో, ఆ ఆనకట్టకు గండిపడింది. అప్పుడు భారం వహించినవారు స్వతంత్రదేశపు మనవారే. 1954లో ఆరంభించి 1957 నాటికి ప్రకాశం బ్యారేజీని నిలిపారు.

సగరుని వంశంలో అంశుమంతుడు, దిలీపుడు గంగను తేలేకపోయారు, భగీరథుడు తెచ్చాడు. ముందువారి అసాఫల్యాన్ని అతడు నిరాశకు కారణంగా గ్రహింపక, తనకు మిగిల్చిన కర్తవ్యంగా స్వీకరించాడు. అనిర్వేదం ఒక్కసారి సంపాదించి దాచుకొనే ధనం కాదు. ప్రతి తరమూ తిరిగి ఆర్జించవలసినది.

నేడు పొలాలు ఇళ్ల స్థలాలౌతున్నవి. పిల్లలు దూరదేశాలకు పోతున్నారు. వేదాధ్యయనానికి వచ్చే వటువులు తగ్గుతున్నారు. ఇంటిపెద్దలు, గ్రామపెద్దలు దీనికి విలపించుటతో ఆగరాదు. మనం వెదకని అశోకవనం ఎక్కడ మిగిలి ఉన్నదో చూడాలి. ఉన్న ఒక్క వటువుకైనా శ్రద్ధగా పాఠం చెప్పాలి. పది ఇళ్లవారు కలిసి ఒక చెరువుకైనా పూడిక తీయాలి. స్వామి ముందు దీపం వెలిగించి లేచిన వెంటనే చేయదగిన పని అది.

స్వస్తి.