పాటను ఎవరి చేతికివ్వాలి?

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ మొదటిసారిగా గ్రామఫోను బూర ముందు పాడింది. పాట ముగియగానే ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకునేది. ఆ రికార్డులు వినేవారికి అది కళాకారిణి దర్పంలా తోస్తుంది గానీ సంగతి వేరు. ఇక్కడ మైనపు పలకల మీద పట్టిన ధ్వని ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళేది. రికార్డులు అచ్చయ్యేది అక్కడే. ఆ కర్మాగారంలో పనివాళ్ళకు మన భాష రాదు, మన గొంతులు తెలియవు. పాడినవారి పేరు పాటలోనే వినిపిస్తే తప్ప ఏ రికార్డుకు ఏ చీటీ అంటించాలో వాళ్ళకు తెలిసేది కాదు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఆ అవసరం తగ్గింది.

గ్రామఫోను కాలంలో చాలామంది కళాకారులకు కంపెనీ ఇచ్చిన సొమ్ముతోనే సంబంధం తీరిపోయేది. పాట ఎన్నేళ్ళు అమ్ముడుపోయినా అచ్చుదిమ్మె కంపెనీది. 1980లలో క్యాసెట్టు వచ్చి ఆ కోట గోడను కొంత పడగొట్టింది. చిన్న ఊళ్ళో కూడా ఒకరు పాడించి, నూరు కాపీలు తీసి, తిరునాళ్ళలో అమ్ముకోగలిగారు. దొంగ కాపీలూ ఆ వెంటే వచ్చాయి. ఆ కథ మరోసారి చెప్పుకుందాం.

ఇంటర్నెట్టు వచ్చాక ఈ వ్యవహారం పూర్తిగా మారింది. 1990ల చివర అమెరికాలో మైకేల్ రాబర్ట్‌సన్ నడిపిన ఎంపీత్రీ డాట్ కామ్‌లో ఎవరైనా తమ పాట పెట్టుకోవచ్చు. వేలమంది పెట్టుకున్నారు. తర్వాత కంపెనీల దావాలు వచ్చాయి, 2001లో వివెండీ యూనివర్సల్ దాన్ని కొనేసింది, 2003లో మరొకరికి అమ్మేసింది. ఆ డిసెంబరులో ఆ పాటల కొట్టు మూతపడింది. లక్షల పాటలు అక్కడినుంచి తుడిచిపెట్టుకుపోయాయి. వాటిలో కొన్నింటికి వేరే ప్రతి ఎక్కడా లేదు. 2019లో మైస్పేస్‌లోనూ ఇదే జరిగింది. సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ళ పాటలు పోయాయని ఆ సంస్థే ఒప్పుకుంది. ఐదు కోట్ల పాటలని అప్పుడు పత్రికలు లెక్క కట్టాయి.

వీటికి భిన్నంగా నడిచినది సీడీ బేబీ. 1998లో డెరెక్ సివర్స్ అనే సంగీతకారుడు న్యూయార్కు రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో తన సీడీ తానే అమ్ముకుందామని మొదలుపెట్టాడు. స్నేహితులు మాదీ అమ్మిపెట్టమన్నారు. కొట్టులో పెట్టడానికి 35 డాలర్లు, అమ్మిన ప్రతి సీడీకి 4 డాలర్లు తనకు, మిగతాదంతా పాడినవాడికి అన్నాడు. లెక్క అంత సులువుగా ఉండబట్టే జనం నమ్మారు. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ వారి ఐట్యూన్స్ దుకాణం తెరుచుకుంది, పాట 99 సెంట్లు. ఒక్కొక్క గాయకుడితో విడివిడిగా ఒప్పందం రాసుకునే తీరిక అంత పెద్ద దుకాణానికి లేదు. మధ్యలో ఒక మనిషి కావాలి. ఈనాడు పంపిణీ సంస్థ అంటున్నది ఆ మధ్య మనిషినే. సివర్స్ ఆల్బమ్‌కు 40 డాలర్ల చొప్పున ముందే వసూలు చేశాడు. ఆపిల్‌తో ఒప్పందం ఆలస్యమైంది. పైగా ఆ రుసుమును స్టీవ్ జాబ్స్ సభావేదిక మీదినుంచే తప్పుపట్టాడు. దాంతో వసూలు చేసిన రెండు లక్షల డాలర్లూ తిరిగి ఇచ్చేశానని సివర్స్ తన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఆ సంస్థ ఆన్‌లైన్ రాబడిలో 9 శాతం పుచ్చుకునే పద్ధతికి వచ్చింది. 2008లో ఆయన దాన్ని అమ్మేశాడు. సీడీలమ్మే దుకాణాన్ని కొత్త యజమానులు 2020లో మూసేశారు.

2006లో జెఫ్ ప్రైస్ మొదలుపెట్టిన ట్యూన్‌కోర్ మరో దారి పట్టింది. రాబడిలో వాటా అక్కర్లేదు, ఆల్బమ్‌కు ఏడాదికింతని రుసుము కట్టు, అంతే. 2013లో ఫిలిప్ కాప్లాన్ డిస్ట్రోకిడ్ పెట్టి, ఏడాదికి ఒకే చందా, ఎన్ని పాటలైనా పెట్టుకోమన్నాడు. 2022లో ట్యూన్‌కోర్ కూడా చందా పద్ధతి తెచ్చింది. పాట మీద హక్కు పాడినవారిదేనని మూడు సంస్థలూ ఒప్పుకుంటాయి. గ్రామఫోను కాలంతో పోలిస్తే ఇది చిన్న సంగతి కాదు.

మధ్యవర్తి లేకుండా చేద్దామని 2018లో స్పాటిఫై కొందరు కళాకారులను నేరుగా పాటలు పెట్టుకోనిచ్చింది, మరుసటి ఏడే మానేసింది. ఆ స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటినుంచి మనవాళ్ళ పిల్లలూ ఈ సంస్థల పేర్లు పలుకుతున్నారు.

వాటా మేలా, చందా మేలా అని నన్నడిగితే, చందా కట్టడం ఆపిన మర్నాడు పాట ఏమవుతుందో ముందు కనుక్కోమంటాను. హోసూరులో ఉండే మా మేనకోడలు 2021లో వాళ్ళమ్మ చేత తిరుగటి పాటలు, మేలుకొలుపులు పదకొండు పాడించి, ఒక చందా సంస్థ ద్వారా పెట్టింది. మూడో ఏట బ్యాంకు కార్డు గడువు తీరింది. హెచ్చరిక ఉత్తరాలు ఆమె చూడని పాత ఈమెయిలుకు పోయాయి. పాటలు దిగిపోయాయి. రికార్డు చేసిన ఫోను అప్పటికే మార్పిడిలో పోయింది. అత్త ఆ ఏడే కాలం చేసింది. బంధువుల వాట్సాప్‌లో రెండు పాటలు దొరికాయి. తప్పు సంస్థది కాదు, షరతుల్లో రాసే ఉంది. చందా ఆపినా పాట ఉండాలంటే విడిగా ఒకసారి రుసుము కట్టే వీలు కొన్నిచోట్ల ఉంది. ఒక్కసారి కట్టి, తర్వాత వాటా ఇచ్చుకునే పద్ధతిలో ఈ బెడద లేదు. ఏడాదికి పది రూపాయలు కూడా రాని పాటకు వాటా ఇవ్వడం నాకైతే నష్టమనిపించదు.

ఇంకో సంగతి. 2024 నుంచి స్పాటిఫైలో పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినబడని పాటకు ఆ రికార్డింగు తాలూకు డబ్బు రాదు. కోలారులోనో పర్లాకిమిడిలోనో పాడిన మన తెలుగు పాటలు చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. డబ్బు లెక్కతో మనం సంస్థను ఎంచుకోవడంలో అర్థం లేదు.

సంస్థ మారదలచినవారు రికార్డింగుకు ఇచ్చిన ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండక్షరాల గుర్తును రాసి పెట్టుకోవాలి. కొత్తచోట అదే ఇస్తేనే పాత లెక్క వెంట వస్తుంది. త్యాగరాజ కీర్తనలు పాడేవారికి మరో చిక్కు ఉంది. ఆయన 1847లో పోయారు, కృతి అందరిదీ. కానీ ఎవరో పెద్ద విద్వాంసుల రికార్డింగుతో యంత్రం మన పాటను పోల్చి, ఇది వారిదంటుంది. 2020లో ఇళ్ళనుంచి కచేరీలు చేసిన కర్ణాటక విద్వాంసులు దీనితో విసిగిపోయారు. ఇలాంటప్పుడు మన పక్షాన జవాబు రాసే మనిషి ఆ సంస్థలో ఉన్నాడా అన్నదీ చూసుకోవాలి.

మేనకోడలు ఈసారి వాటా పద్ధతి సంస్థను ఎంచుకుంది. దొరికిన రెండు పాటలూ నా పెన్‌డ్రైవులో ఒక ప్రతి, వాళ్ళింట్లో ఒక ప్రతి ఉన్నాయి. భాష గడిలో తెలుగు, రచయిత గడిలో సంప్రదాయమని నింపింది. పాడినవారి పేరు దగ్గర ఆగింది. అక్షరం తేడా వస్తే ఆ పేరుగల ఇంకెవరి ఖాతాలోనో పాట చేరిపోతుందట. రేషను కార్డులో తమిళం మీదుగా వచ్చిన పేరు ఒకలా ఉంది, బడి సర్టిఫికెట్టులో మరోలా ఉంది. అత్త ఇంగ్లీషులో సంతకం చేసిన కాగితం కోసం ఇల్లంతా వెతుకుతున్నారు.