చందమామకీ, సెక్రటరీకీ మధ్య

పరిశోధన పనిమీద ఇటిక్యాల వెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "మా అసుంటోళ్ల కథ ఏమన్న ఉందా అక్కా?" పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి పోయి, బడి మాని, మళ్లీ చేరిన పిల్ల. సాయంత్రం మొగ్గలు ఒలిచి, పొద్దున్నే పుప్పొడి అద్దే ఆ పనికి నడిగడ్డలో ఆడపిల్లల వేళ్లే కావాలి. జవాబు చెప్పలేకపోయాను.

మా అమ్మ తరం చందమామ మూసి నేరుగా యద్దనపూడి 'సెక్రటరీ' తెరిచింది. మధ్యలోని వయసుకి రాసినవారు తక్కువ. అప్పటి చిత్తూరు జిల్లా పాకాలకు చెందిన కలువకొలను సదానంద (1939-2020) వారిలో ఒకరు. ఆయన బడిపంతులు. పెద్దల కథలు రాస్తూనే పిల్లలకు 'బంగారు నడిచిన బాట', 'అడవి తల్లి' నవలలు రాశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో తొలి పురస్కారం 'అడవి తల్లి'దే. రోజూ పిల్లల ముందు నిలబడే మనిషికి, వాళ్ల చూపు ఏ మాట దగ్గర కిటికీవైపు మళ్లుతుందో తెలుస్తుంది.

మరి టీచరమ్మలకు తెలియదా? 2025 దాకా ఆ పురస్కారం అందుకున్న 16 మంది తెలుగువారిలో స్త్రీలు ఇద్దరే: డి. సుజాతాదేవి (2013), కన్నెగంటి అనసూయ (2020). మొదటి నెలసరి భయం, ఇంట్లో మొదలైన పెళ్లిమాటలు ఆడపిల్లలు ముందుగా చెప్పుకునేది టీచరమ్మకే. బడి నుంచి ఇంటికొస్తే ఆమెకి వంటిల్లు ఎదురవుతుంది. రాసుకునే గంట ఎక్కడిది?

ఇటిక్యాల పిల్ల అడిగిన కథ ఆ గంట కోసమే ఆగి ఉంది.