నోబుల్ దొర లెక్క

బందరులో ఇంగ్లిషు చదువుకు పునాది వేసిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ పెళ్లి చేసుకోలేదు. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా సొంతగడ్డకు వెళ్లలేదు. కేంబ్రిడ్జిలో చదివిన ఈ ఆంగ్లికన్ పాదిరీని, తోటి మిషనరీ హెన్రీ ఫాక్స్‌ను చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో తెలుగునేలకు పంపింది. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించే పని ఎత్తుకున్నాడు. నోబుల్ బడి పెట్టాడు. 1843 నవంబరు 21న అది మొదలైంది.

ఆయన లెక్క ఒక్కటే. పై కులాల పిల్లలకు ఇంగ్లిషుతో పాటు బైబిలు చెప్పాలి. వాళ్లలో కొందరు మతం పుచ్చుకుంటే, వాళ్లను చూసి మిగతా సమాజం కదులుతుంది. అందుకే దళితుల పిల్లలను బడిలో చేర్చుకోలేదు. వాళ్లు వస్తే పై కులాల వాళ్లు మానేస్తారని ఆయన వాదన. ‘క్రీస్తు పేరు మీద నడిచే బడిలో కులం పట్టింపేమిటి?’ అని మిషనరీల్లోనే కొందరు తప్పుపట్టినా పట్టు వీడలేదు.

తొమ్మిదేళ్లకు గాని ఆ లెక్కకు ఫలితం కనిపించలేదు. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, అయినాల భూషణం అనే వెలమ యువకుడు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు, బడి ఖాళీ అయిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ ఒక్కొక్కరే వచ్చి చేరారు. దొర మతం మీద భయం ఎంత ఉన్నా, ఇంగ్లిషు వస్తే దొరికే సర్కారు కొలువు మీద ఆశ అంతకంటే పెద్దది.

1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరును ముంచేసింది. సుమారు 30 వేల మంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడే నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. ఆయన పెట్టిన బడి కాలేజీగా ఎదిగి ఆయన పేరుతోనే నిలిచింది.

నోబుల్ కాలేజీ అసలు కథ 1890ల్లో మలుపు తిరిగింది. దాన్ని తిప్పింది పాదిరీ కాదు, బందరులోనే పుట్టిన బ్రహ్మసమాజికుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు. తర్వాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా, మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పేరుపొందిన ఆయన అప్పుడు ఇక్కడ ఇంగ్లిషు అధ్యాపకుడు. పాఠంతో పాటు సంఘసంస్కరణ చెప్పాడు. మేజువాణీలకు వెళ్లొద్దన్నాడు.

ఆయన దగ్గర కూర్చున్న కుర్రాళ్లలో ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ఈ ముగ్గురూ బందరును జాతీయోద్యమానికి కేంద్రం చేశారు. దివిసీమ బిడ్డ ముట్నూరి, 1902లో పుట్టిన ‘కృష్ణా పత్రిక’కు సంపాదకుడై 1945లో చనిపోయేదాకా నడిపాడు. పట్టాభి బందరులో వైద్యం చేస్తూనే కాంగ్రెసులోకి దిగాడు. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు, 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

హనుమంతరావు చేసింది మరీ తెగువ. మిషను చదువుకూ సర్కారు చదువుకూ దీటుగా మన చదువు మనకుండాలని ప్లీడరు వృత్తి వదులుకున్నాడు. 1907లో బిపిన్‌చంద్ర పాల్ ఉపన్యాసాలు రగిల్చిన వేడిలో పుట్టిన ఆలోచన, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలగా తలుపులు తెరిచింది. అక్కడ పుస్తకాలతో పాటు చేతిపనులూ నేర్పారు. పింగళి వెంకయ్య పనిచేసిందీ, ప్రమోద్‌కుమార్ చటర్జీ చిత్రలేఖనం నేర్పిందీ, తర్వాత అడివి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా ఉన్నదీ అక్కడే. నోబుల్ కాలేజీ గురువు దగ్గర చదువుకున్నవాళ్లే, అదే ఊళ్లో దానికి పోటీ నిలబెట్టారన్నమాట.

గుడివాడ దగ్గరి అంగలూరు నుంచి వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి దారి వేరు. 1911లో ఇంటర్మీడియెట్‌కు నోబుల్ కాలేజీలో చేరేనాటికి ఆయనకు ఇరవై దాటాయి. తర్వాత డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివాడు. తిరిగివచ్చి పురాణాలను నిలదీస్తూ ‘శంబుక వధ’ రాశాడు. హేతువాదానికి గొంతు అయ్యాడు. బైబిలు పాఠం తప్పనిసరిగా వినిపించిన కాలేజీకి ఆయన కూడా పూర్వ విద్యార్థే.

మరి నోబుల్ కోరుకున్న క్రైస్తవం ఏమైంది? అది వచ్చింది, కానీ ఆయన గుమ్మం మీదుగా కాదు. 1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య తనంతట తానే బెజవాడ వెళ్లి, థామస్ డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. అతని వెంట బంధువులు, వాళ్ల వెనక పల్లెలు కదిలాయి. కృష్ణా డెల్టాలో సంఘాలు నిలబడింది ఆ పల్లెల బలం మీదే. పైనుంచి కిందికి దిగుతుందని నోబుల్ లెక్కగట్టిన మతం కిందినుంచే పైకి లేచింది. పైవాళ్లకు ఇచ్చిన ఇంగ్లిషేమో దొరతనాన్నే ప్రశ్నించింది.

ఈ తారుమారును మిషనరీల ఓటమిగా చెప్పుకొని మురిసిపోవడం తేలికే. అయితే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బందరు నడిపిన పత్రిక, కళాశాల, బ్యాంకు వెనకున్న పేర్లు ఒకసారి చదవండి. దాదాపు అన్నీ చదువు ముందుగా అందిన కులాలవే. నోబుల్ లెక్క తప్పింది గానీ, ఆయన గుమ్మం దగ్గర నిలబెట్టిన కులం గీత మాత్రం ఆ శిష్యుల తరం దాకా చెక్కుచెదరలేదు.